పెంచిన అక్క, కన్న చెల్లెలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను బెంగళూరు కె.ఆర్.పురంలో ఒక చిన్న కౌన్సెలింగ్ కేంద్రంలో పనిచేసేదాన్ని. చదువు ముగిసి రెండేళ్లయినా కాలేదు. తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు.

ఒక బుధవారం ఉదయం అలా వచ్చిందామె. నలభై ఏళ్లుంటాయి. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. తాతల కాలంలోనే బెంగళూరు చేరిన కుటుంబం. కూర్చోగానే మొదలుపెట్టింది.

“నా చెల్లెలికి కాన్పయినాక మనసు చెడిపోయింది మేడం. నలభై దినాల బిడ్డ నా చేతికొచ్చింది. ఇప్పుడు ఆరేండ్లు. నన్నే అమ్మా అంటాది. చెల్లెలు మందులు తిని బాగైంది, ఎలక్ట్రానిక్ సిటీలో ఫ్యాక్టరీకి పోతా ఉండాది. బిడ్డను ఇయ్యమంటా ఉండాది. ఇయ్యాల్నా, వద్దా? మీరే చెప్పండి.”

అలా చెప్పకూడదనే మాకు నేర్పారు. అయినా “ఇవ్వకండి” అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో నాకు తెలుసు. ఏడేళ్లు నిండేదాకా నన్ను మా పిన్ని పెంచింది. ఒకరోజు అమ్మ వచ్చి, బస్సెక్కించి తీసుకుపోయింది. కొత్త ఇంట్లో చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు నేను.

వచ్చేవారం రమ్మని ఆమెను పంపేసి, మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా పనిలో తప్పొప్పులు చూసేది ఆవిడే. బిడ్డను పంపడం తగదని వకీలులా వాదించాను. బడి మారాలి, చెల్లెలి జబ్బు తిరగబెట్టొచ్చు, కొత్త ఇల్లు, కొత్త మనుషులు.

ఆవిడ అంతా విని, “కారణాలు బాగానే ఉన్నాయమ్మా. ముందు తీర్పు చెప్పేసుకుని, తర్వాత వాటిని వెతుక్కోలేదు కదా?” అంది.

పిన్ని సంగతి చెప్పాను. ఆవిడ ఓదార్చలేదు. “అప్పుడు నిన్ను నొప్పించింది ఏది? వెళ్లడమా, నీకొక మాట చెప్పకుండా తీసుకెళ్లడమా?” అని అడిగింది.

జవాబుకు రెండు రోజులు పట్టింది. చెప్పకపోవడమే.

మరుసటి బుధవారం ఆమె పొడికళ్లతో, గట్టి గొంతుతో వచ్చింది. “తీర్మానం చేసేసినా మేడం. న్యాయం చూస్తే బిడ్డ దానిదే. బట్టలు సర్దేసినా. రేపే పంపిస్తా.”

“రేపే ఎందుకు?”

“నిదానిస్తే ఇయ్యలేను,” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈసారి నాకూ కళ్లు తడిశాయి. ఆ తడిలో నాది ఎంతో, ఆమె కోసం ఎంతో కాస్త తెలుస్తూనే ఉంది. అందుకే తొందరపడలేదు. ఏడుపు తగ్గాక, దేనికి ఎక్కువ భయమని అడిగాను.

“చెల్లెలికి మళ్లీ అట్లయితే? ఆ పొద్దు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తా ఉంటే, అది పక్కనే ఉండి కూడా పలకలేదు. నా కండ్లారా చూసినా.”

అది పెంచిన మమకారం ఒక్కటే కాదు, సరైన ప్రశ్న కూడా. దానికి జవాబు చెప్పాల్సింది చెల్లెలు. పిలిపించాం.

శనివారం రెండు బస్సులు మారి వచ్చింది చెల్లెలు. అక్క అదే మాట మొహం మీదే అడిగేసింది. చెల్లెలు కోపగించుకోలేదు. “నాకూ ఆ భయం ఉండాది అక్కా. నెలనెలా డాక్టర్ దగ్గరికి పోతాను కదా, నువ్వూ రా. ఆయన్నే అడుగు. బిడ్డను లాక్కొని పోయేకి రాలేదు నేను.”

బిడ్డకు ముందుగా అన్నీ చెప్పాలని ముగ్గురం ఒప్పుకున్నాం. మొదట ప్రతి శనివారం చెల్లెలే అక్క ఇంటికొచ్చి ఉండేది. తర్వాత బిడ్డ ఆదివారాలు అటు వెళ్లేది. విషయం చెప్పిన రోజు ఆ పిల్ల అడిగింది ఒక్కటేనట: “ఆడ నా స్కూలు బ్యాగు యాడ పెట్టుకోవాల?”

పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో పిల్ల చెల్లెలి ఇంటికి మారింది. సాఫీగా ఏమీ సాగలేదు. రెండో వారమే జ్వరం, అన్నం ముట్టలేదు. అక్క నాకు ఫోన్ చేసి, “తెచ్చేసుకుంటా మేడం,” అంది. కాసేపటికి తనే, “వద్దులే. నేనే పోయి నాలుగు దినాలు ఉంటా,” అంది. వెళ్లింది. వంట చెల్లెలితోనే చేయించి, తను పక్కన కూర్చుందట. మూడో రోజుకు పిల్ల తినడం మొదలుపెట్టింది.

ఆమె ఇంకో నాలుగు నెలలు నా దగ్గరికి వచ్చింది. చివరిసారి, “మొన్న ఫోనులో పెద్దమ్మా అనింది మేడం,” అని చెప్పింది.

“బాధేసిందా?”

“ఏసింది. ఆ పొద్దంతా పని చేయబుద్ధి కాలేదు. అయినా తప్పు చేసినానని మాత్రం అనిపించలేదు.”

మెట్ల దాకా వెళ్లి సాగనంపాను.