లారీలో దేవుని బల్బు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకన్నా ఎక్కువ గారాబం ఒక పాత మిలిటరీ లారీకి జరిగేది. చిన్న బండే. మా నాయన వేలంలో కొని, శనక్కాయ మూటలు ఎర్రగుంట్ల స్టేషనుకు తోలించేవాడు. ఉన్నట్టుండి దానికో రోగం పట్టుకుంది. సాయంత్రం శుభ్రంగా వచ్చి కల్లంలో నిలబడేది. తెల్లారేసరికి బ్యాటరీలో ప్రాణం ఉండేది కాదు. పదిమంది తోస్తే గానీ కదిలేది కాదు.

మా నాయనకు కోపం ముందు, ఆలోచన తర్వాత. డ్రైవరన్న రాత్రిళ్లు లైట్లు వేసుకుని దొంగచాటుగా బాడుగలకు తోలుతున్నాడని తేల్చేశాడు. పని మానేసి పొమ్మన్నాడు. ఆ అన్న వానల్లేక కోసిగి వైపు నుంచి పెళ్లాం బిడ్డలతో వలసొచ్చినవాడు. ఎన్ని ఒట్లు పెట్టుకున్నా మా నాయన వినలేదు. నన్ను రోజూ లారీ ఎక్కించి కల్లం చుట్టూ తిప్పే మనిషి ఆ అన్న. నాకు అన్నం సహించలేదు.

అన్నను పంపేముందు బండిని ఒకసారి చూపించమని మా అవ్వ పోరితే, ఇంజన్లు బాగుచేసే సాయిబు తాతను పిలిపించారు. తాత ఒక మంచి బ్యాటరీ తెచ్చి పెట్టి, వైరు కొసను దానికి తాకించాడు. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. బండిలో అన్నీ ఆపి ఉంటే రవ్వ రాకూడదట. ఇక ఒక్కొక్క వైరూ ఊడదీయడం, మళ్లీ తాకించి చూడడం. హారన్ వైరు తీశాడు, రవ్వ వచ్చింది. వెనక లైటుది తీశాడు, మళ్లీ వచ్చింది. ఇదంతా ఎందుకు, వాడి సంగతి నాకు తెలుసని మా నాయన విసుక్కున్నాడు.

తాత తల ఎత్తకుండానే, "తీగలన్నీ సూసినంక మనిషిని అనొచ్చులేప్పా. ఇంకా శానా ఉండాయి" అన్నాడు.

నేను ముందు సీట్లో కూర్చుని ఉన్నాను. తాత అక్కడ వైరు తాకించినప్పుడల్లా నా ఎదుట దేవుని పటం ముందున్న చిన్న బల్బు మినుక్కుమంటోంది. తప్పు నాదేనని అప్పుడు తెలిసింది. సంజెవేళ దేవుణ్ణి చీకట్లో ఉంచకూడదని మా అవ్వ నియమం. ఇంట్లో దీపం పెట్టగానే లారీలో దేవుడు గుర్తొచ్చి, అన్న ఇంటికి పోయాక రోజూ నేనే వచ్చి ఆ బల్బు వేసి పోయేదాన్ని. బండికి పట్టా కప్పి ఉండేది గనక వెలుతురు ఎవరికీ కనబడలేదు. తెల్లారేసరికి బ్యాటరీ అయిపోయి అదే ఆరిపోయేది.

చివరికి ఒక వైరు తీస్తే రవ్వ ఆగింది. తాత ఆ వైరు వెంబడే వచ్చి, బల్బు దగ్గర ఆగి, నా ముఖం చూశాడు. అందులోనే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"నేను చెప్తే, బల్బు ఆర్పకుండా పోయినాడని మళ్లీ ఆయప్పనే అంటాడు మీ నాయన. నువ్వే చెప్పల్ల తల్లీ. నేను పక్కనే ఉంటా" అన్నాడు మెల్లగా.

ఏడుస్తూనే చెప్పాను. మా నాయన చెయ్యి లేచింది. తాత మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు, చెయ్యి దిగింది. మా నాయన ఓ పక్కన నిలబడ్డ డ్రైవరన్న వైపు తిరిగి, రేపు పొద్దున్నే లోడు ఉందన్నాడు. తప్పయిందని చెప్పడం ఆయనకు అంతవరకే వచ్చు.

అన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా నన్ను పిలిచి, "బల్బు ఎయ్ పాపా. కొంచేపు ఉంచి, ఇద్దరం ఆర్పి పోదాం" అన్నాడు. ఆ రోజు నుంచీ అదే మా అలవాటైంది.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా కనబడకపోతే పనమ్మాయి పేరే నా నోటిదాకా వస్తుంది. మా నాయన కూతుర్నే కదా! అంతలో ఒక్కొక్క వైరే తీసి చూసిన ఆ తాత వేళ్లు గుర్తొస్తాయి. ఆయన చల్లగా ఉండాలి ఏ లోకాన ఉన్నా. నోరు మూసుకుని ముందు నా పెట్టె, నా దిండు కింద, నా కొంగుముడి వెతుక్కుంటాను. చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.