క్రేన్ బావ బొటనవేలు

పోర్టు క్రేన్లు కనబడితే నాకు ఆయన బొటనవేలు గుర్తొస్తుంది.

మంచుకొండ ఎక్కడానికి విశాఖ నుంచి వెళ్లిన మా జట్టులో అందరికీ ఆయన క్రేన్ బావ. భార్య పోయాక మల్కాపురంలో ఒక్కడే ఉండేవాడు. సర్వీసంతా మాట వినబడనంత ఎత్తున, క్రేన్ కేబిన్‌లో కూర్చుని చేతి సైగలతోనే పని నడిపాడు. అందుకేనేమో, నోటితో చెప్పాల్సిందీ చేత్తోనే చెప్పేవాడు.

ఎత్తు పడక తలనొప్పి, వాంతులు రాకుండా ఎక్కే ముందురోజు నుంచే మాత్ర వేసుకోమన్నాడు డాక్టరు. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కేవి, ఆ చలిలో మాటిమాటికీ ఒంటేలుకి టెంట్ బయటికి పరిగెత్తాల్సొచ్చేది. మేం ఎగ్గొడతామని ఆయనకి అనుమానం. పొద్దునా సాయంత్రం ఒక్కో టెంట్ ముందు నిలబడి, మాత్ర వేసుకున్నారా అన్నట్టు తల వెనక్కి వాల్చి, బొటనవేలు నోటి దగ్గర పెట్టేవాడు. మేం తలూపేదాకా కదిలేవాడు కాదు.

పై క్యాంపులో వాంతులతో కూలబడింది ఆయనే. సంచిలో మాత్రల అట్ట ఎక్కడా చిరగలేదు.

"నువ్వేసుకోనేదేటి బావా?" అన్నాను.

"సర్వీసంతా ఎత్తులోనే కూకున్నాను, నాకేటవుద్దిలే అనుకున్నాను." మెల్లగా అన్నాడు: "అయినా మా ఆవిడ అడిగితే గానీ మాత్రేసుకోడం నాకలవాటు నేదు."

గైడు ఆయన్ని వెంటనే కిందికి బయల్దేరదీశాడు. మలుపు దగ్గర బావ ఆగి, మావైపు తిరిగి, బొటనవేలు నోటి దగ్గర పెట్టాడు. అందరూ తలూపారు. నేను ఆ సైగే తిరిగి ఆయనకి చేశాను.

అప్పటికే ఆయన అటు తిరిగిపోయాడు.