లోపల వదిలిన గుడ్డ

నిరుడు హైదరాబాద్ దగ్గర జరిగిన ట్రయథ్లాన్‌లో పరుగు సగంలో ఆపేశాను. ఊపిరి అందక కాదు, కాళ్లు పట్టేసి కాదు. తొడలు ఒరుసుకుపోయి. ముందు ఈత, ఆ తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు, మధ్యలో గడియారం ఆగదు. ఈత నిక్కరుతో నీళ్లలోంచి బయటికి వచ్చి, తడి కాళ్ల మీద సైకిలు నిక్కరు లాక్కుని, పైన బనియన్ తగిలించుకుని బయలుదేరాను. నిక్కరు లోపలి ప్యాడ్ నీళ్లు పీల్చి బరువెక్కింది. తొడల మధ్య కుట్టు ఒక్కో అడుగుకూ రంపంలా తగిలింది. జగిత్యాల దాకా బస్సులో నిలబడే వచ్చాను, ఖాళీ సీట్లు ఉన్నా. అమ్మ కొబ్బరినూనె గిన్నె తెచ్చి ముందు పెట్టి, "ఎవలు ఉరుకుమన్నరురా నిన్ను?" అంది.

ఎవరూ ఉరకమనలేదు. కానీ ఒక కుట్టు నన్ను ఆపేయడం మాత్రం నాకు మింగుడు పడలేదు. నేను మెకానికల్ చదివాను, రైస్ మిల్లుల యంత్రాలు చూసే ఉద్యోగం చేస్తున్నాను. రాపిడి ఎక్కడ పుడుతుందో కనిపెట్టి ఆపడమే నా పని. నా తొడల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేయడమేమిటి?

ఈసారి పూర్తి చేయాలనుకున్నాను. దానికి మూడింటికీ కలిపి ఒకే సూటు కావాలి. ఎలాంటిదో రాసుకున్నాను. గుడ్డ నీళ్లు తాగకూడదు. ఒంటికి అతుక్కుని ఉండాలి, ఎందుకంటే ఎక్కడ వదులుంటే అక్కడ నీళ్లు నిండుతాయి, గాలి పడుతుంది. ప్యాడ్ పల్చగా ఉండాలి. చంకల దగ్గర కోత లోతుగా ఉండాలి, లేకపోతే చెయ్యి చాపిన ప్రతిసారీ భుజం సూటుతో కుస్తీ పడుతుంది. జిప్పు ముందు ఉండాలి. తొడ అంచు పైకి జారకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కుట్లు చదునుగా ఉండాలి.

ముందు కోరుట్లలో ఒక ఆటసామాన్ల దుకాణానికి వెళ్లాను. అంతా ఓపికగా చెప్పాను. దుకాణంవాడు విని, కబడ్డీ బనియన్ తీసి గల్లా మీద పరిచాడు.

"అన్నా, ఇది గాదు. ఈత కొట్టి, సైకిల్ తొక్కి, ఉరికేది."

"మూడూ నువ్వే జేస్తవా?"

"అవును."

"గట్ల జేస్తే ఎవలన్న ఏమన్న ఇస్తరా తమ్మీ?"

"పతకం ఇస్తరు."

"గంతేనా? అయితే గీ బనియన్ సాలు, తీస్కపో."

కోపం ఆపుకుని బయటికి వచ్చాను. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించాను. అక్కడి కొలతల పట్టిక అడిగేది ఎత్తు, బరువు. ఆ రెండూ చెబితే మనిషి తేలిపోతాడా? నావి పొడుగు కాళ్లు, పొట్టి మొండెం. వచ్చిన సూటు భుజాల దగ్గర కోసుకుపోతోంది, నడుము వెనక సంచిలా వేలాడుతోంది. ఎవరి ఒంటికి చూసి కత్తిరించారో గానీ మా జిల్లా ఒంటికి మాత్రం కాదు. పైగా నల్లరంగు, మన ఎండకు! తిప్పి పంపాను. "సైజు మార్చుకోండి" అని మళ్లీ మళ్లీ మెసేజ్‌లు. మార్చాల్సింది సైజు కాదు, ఆకారం అని ఎవరికి చెప్పాలి?

అప్పుడు చిన్నమ్మ గుర్తొచ్చింది. అమ్మకు చెల్లెలు. సిరిసిల్లలో నాలుగైదు మిషన్లు పెట్టుకుని బడిపిల్లల ట్రాక్‌సూట్లు కుట్టిస్తుంది. ఊరంతా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడే, కానీ అక్కడ నేసేది సాగని గుడ్డ. సాగేది హైదరాబాద్ నుంచి తెప్పించుకుని, లేత నీలిరంగుది, వేములవాడ మీదుగా పట్టుకుపోయాను.

చిన్నమ్మ దగ్గర ఫ్లాట్‌లాక్ మిషన్ ఉంది. మామూలు కుట్టులో రెండు గుడ్డల అంచులు లోపలికి మడిచి వదిలేస్తారు. ఫ్లాట్‌లాక్‌లో అంచులను పక్కపక్కన పరిచి కుడతారు, లోపల ఏమీ మిగలదు, వేలితో రాస్తే గీత తెలుస్తుంది అంతే. నాకు కావలసింది అదే. కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను. చిన్నమ్మ టేపు పట్టుకుని కొలతలు తీసింది.

"గింత బిగుతా? ఊపిరాడుతదారా?"

"ఆడుతది చిన్నమ్మా."

"నీ ఊపిరి కాదురా, సూసెటోళ్ల ఊపిరి." మిషన్ల దగ్గర కూర్చున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. కుట్టు మాత్రం ఫ్లాట్‌లాకే వేయాలని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపింది.

వారం తర్వాత మళ్లీ వెళ్లాను. పోటీ ఆ తర్వాతి ఆదివారం. సూటు చూస్తే కడుపు నిండింది. భుజాల కోత నేను గీసినట్టే ఉంది. జిప్పు నిటారుగా ఉంది. తొడుక్కుంటే ఎక్కడా ముడత లేదు. తర్వాత విప్పి, అలవాటు ప్రకారం లోపలి వైపు తిప్పి చూశాను.

తొడల మధ్య, రెండు పక్కలా, వెన్ను వెంబడి, అన్ని చోట్లా లోపల గుడ్డ వదిలి ఉంది. వేలెడు వెడల్పున. మడిచి, కొసలు విడిపోకుండా ఓవర్‌లాక్ కొట్టి, ఎంతో శుభ్రంగా.

"చిన్నమ్మా, గిదేంది?"

"ఏంది?"

"లోపల గింత గుడ్డ ఎందుకు వదిలినవ్? ఫ్లాట్‌లాక్ అన్న గదా?"

"అది ఏస్తే లోపల ఏం మిగలదు గదరా. రేపు విప్పి లూజు జేసుకుందామంటే ఎట్ల?"

"లూజెందుకు జేస్తరు?"

"పెండ్లయితే ఒళ్లు జెయ్యవా?"

చిన్నమ్మ ఇంకా మెత్తగా చెప్పింది: "మీయమ్మ ఫోన్ జేసింది. పోరడు సన్నగ ఉన్నడు, రెండేండ్లల్ల నిండుతడు, లోపల మంచిగ వదలమని. పెద్దక్క మాట కాదంటనా?"

అక్కడే అమ్మకు ఫోన్ చేశాను, స్పీకర్ పెట్టి.

"నా సూటుకు గుడ్డ వదలమని చెప్పినవా?"

"చెప్పిన. నీ టెన్తు ప్యాంటు ఇంటర్ దాక రాలేదా? లోపల వదిలిచ్చినందుకే గదా."

"అమ్మా, ఇది ప్యాంటు గాదు. గిసొంటి గుడ్డ ఒరుసుకునే నిరుడు తోలు లేసింది."

"గది కొన్న నిక్కరు. ఇది మనింట్ల కుట్టింది. మనింటి కుట్టు ఒరుసుకుంటదా?"

ఈ మాటకు ఏ యంత్రశాస్త్రంలో జవాబుంది? ఇద్దరక్కాచెల్లెళ్లు కలిసి, నాకు లేని ఒంటికి, నాకు ఇంకా కుదరని పెళ్లి తర్వాత రాబోయే ఒంటికి సూటు కుట్టారు. ఇప్పుడున్న ఒళ్లు ఎవరికీ లెక్కలో లేదు. కోసేయమన్నాను. చిన్నమ్మ కత్తెర మిషన్ సొరుగులో పెట్టేసింది. "మంచి గుడ్డ కోసి పారేసుడు నాతోని కాదు. మీయమ్మకు జవాబు జెప్పలేను" అంది. మా వైపు ఏ కుట్టుమిషన్ దగ్గరికి వెళ్లినా ఇంతే. ఏ చొక్కా అయినా రేపటి కోసం కాస్త దాచుకునే పుడుతుంది. పెరిగే పిల్లలున్న ఇళ్లలో అది తెలివే, కాదనను. పరుగెత్తేవాడి తొడల మధ్య ఆ తెలివి ఎందుకు?

వాదనతో పని కాదని తెలిసింది. మర్నాడు పొద్దున్నే సూటు వేసుకుని మల్యాల దగ్గర ఒక స్నేహితుడి బావిలో ఈత కొట్టాను. తడి సూటుతోనే జగిత్యాల దాటి మేడిపల్లి వైపు సైకిలు తొక్కాను. దిగి పరుగు మొదలుపెట్టాను. రోడ్డు పక్క హోటల్ ముందు కూర్చున్న ముసలాయన ఒకడు "బట్టలెవలన్న ఎత్కపోయిన్రా కొడుకా?" అని నిజంగానే జాలిపడ్డాడు. చాలాసేపు పట్టలేదు. మంట నిరుడు మొదలైన చోటే మొదలైంది. ఆపలేదు. రుజువు కావాలి గదా, ఇంకాస్త దూరం ఉరికాను. ఇంటికి చేరి ప్యాంటు తొడుక్కోలేక, లుంగీ కట్టుకుని సిరిసిల్ల బస్సెక్కాను.

కాళ్లు ఎడం చేసుకుని గుమ్మంలోకి వస్తుంటే మిషన్లు ఆగిపోయాయి.

"ఏందిరా గా నడక?" అంది చిన్నమ్మ.

"మనింటి కుట్టు చిన్నమ్మా."

ఆడవాళ్లెవరూ నవ్వలేదు. చిన్నమ్మ నన్ను లోపలి గదిలోకి పిలిచింది. ఇంత పొడుగు మనిషిని కాదు, చిన్నప్పుడు తను స్నానం చేయించిన పిల్లవాడిని చూసినట్టే చూసింది. తొడల లోపలి వైపు ఎర్రగా లేచిన తోలు చూసి, "అయ్యో, నీయవ్వ, గింతగనం పోయిందా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కోపం తెచ్చుకుంది, నా మీద: "నిన్ననే గట్టిగ జెప్పొద్దా?"

నేను గట్టిగానే చెప్పాను. నా గొంతు వీధి చివరి దాకా వినబడింది. కానీ ఆమె అప్పటికే సొరుగు లాగి కత్తెర తీసింది.

గుడ్డ మొదటిసారి తెగుతున్నప్పుడు ఆమె మొహం చూడాల్సింది. కుట్టు విప్పింది, వదిలిన గుడ్డను కుట్టు గీత దాకా కోసింది, అంచులు పక్కపక్కన పరిచి ఫ్లాట్‌లాక్ నడిపింది. మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారి మోగితే ఎత్తి, "అక్కా, నువ్వొచ్చి వీని కాళ్లు సూడు, తర్వాత మాట్లాడు" అని పెట్టేసింది. పెద్దక్కతో ఆమె అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అయిపోయాక సూటు తిప్పి నా అరచేతి మీద పరిచి, "రాసి సూడు" అంది. రాసి చూశాను. వేలికి ఏమీ అడ్డం రాలేదు.

ఆదివారం నాటికి తోలు పూర్తిగా మానలేదు. దానికీ నాకు కోపమే. మొదటిసారే చెప్పినట్టు కుట్టి ఉంటే ఆ వారమంతా సాధన చేసేవాణ్ణి, మందు రాసుకుంటూ కూర్చునేవాణ్ణి కాదు. ఈతలో సూటు నీళ్లు పట్టలేదు. సైకిలు మీద ప్యాడ్ త్వరగానే ఆరింది. పరుగులో నిరుడు ఆగిన చోటు వచ్చినప్పుడు ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. పాత పుండు కొంచెం చురుక్కుమంది, అంతే. ఆ తర్వాత పిక్కలు పట్టేశాయి, కొంత దూరం నడిచాను, మళ్లీ ఉరికాను. చివరి వరుసల్లోనే వచ్చాను గానీ గీత దాటాను.

అమ్మకు ఫోన్ చేసి పూర్తి చేశానని చెప్పాను.

"పడలేదు గదా? కాళ్లు మంటలేదా?"

"లేదమ్మా."

"మంచిగైంది." గొంతు తగ్గించి అడిగింది. "మరి కోసిన గుడ్డ ఏం జేసిందట నా చెల్లె? పారేసిందా?"

నాకు తెలియదని అరిచాను. పక్కన నీళ్లు తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. ఫోన్ జేబులో పెడదామంటే సూటుకు జేబు లేదు. చేతిలోనే పట్టుకుని, గడ్డి మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.