తాళాలాయన నలపని అచ్చు

తాళాలాయనకు ఒక పద్ధతి ఉంది. మారుతాళంచెవి చెయ్యడానికి మైనం మీద అచ్చు తీస్తే, పని అయ్యాక ఆ ముద్దను తెచ్చినవాళ్ల కళ్లెదుటే నలిపేస్తాడు. అచ్చు తన దగ్గరుంటే వాళ్ల తలుపు సగం తెరిచున్నట్టే అంటాడు. అందుకే బజారులో ఆయన కొట్టు మనిషి నిలువునా పట్టేంత ఇరుకైనా, జనం ఇంటి తాళంచెవులు ఆయన చేతిలో పెట్టి నిశ్చింతగా కూరగాయలకు వెళ్లేవాళ్లు.

అలాంటివాణ్ణి ఒక సోమవారం పొద్దున పోలీసు స్టేషనుకు పిలిపించారు.

ఆయన ఆధార్ కార్డుతో ఎవరో సిమ్ము తీసుకున్నారు. ఆ నంబరు నుంచి ముగ్గురు ముసలివాళ్లకు ఫోన్లు చేసి, వాళ్ల ఖాతాలు ఊడ్చేశారు. నేను తీసుకోలేదు సార్ అని ఆయన ఎంత చెప్పినా, అధికారి తల ఎత్తకుండా, అందరూ అదే అంటారయ్యా అన్నాడు.

శుక్రవారంతో కొట్టు లైసెన్సు గడువు అయిపోతుంది. కేసేమీ లేదని పోలీసుల కాగితం లేనిదే కొత్తది ఇవ్వమని బజారు ఆఫీసులో తేల్చి చెప్పేశారు. ఆ కొట్టు తప్ప ఆయనకు మరో బతుకు తెలియదు.

కబురు ఆయనకంటే ముందే బజారు చేరింది. పదేళ్లుగా వస్తున్న టీచరమ్మ, ముందురోజు ఇచ్చి వెళ్లిన తాళంచెవిని పని కాకుండానే వెనక్కి తీసుకుంది. వెళ్తూ వెళ్తూ, ఆయన మొహం చూడకుండా అడిగింది.

"మా తాళానిది అచ్చేమీ ఉంచుకోలేదు కదా?"

ఆయన మధ్యాహ్నానికే కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చిన బావమరిది నవ్వించబోయి, "ఊరందరికీ తాళాలు తెరిచే నీకే ఎవడో దొంగతాళం చేశాడే బావా" అన్నాడు. అక్క కళ్లు చూసి గప్‌చిప్ అయిపోయాడు.

ఆ మాట మాత్రం తాళాలాయన బుర్రలో తిరుగుతూనే ఉంది. దొంగతాళం చేశారంటే, అచ్చు ఎక్కడో దొరికే ఉండాలి.

గురువారం మళ్లీ స్టేషనుకు వెళ్లి, సిమ్ము కోసం ఇచ్చిన కాగితాన్ని ఒక్కసారి చూపించమని బతిమాలాడు. అధికారి విసుక్కుంటూనే ఇచ్చాడు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, తాళంచెవి పళ్లు చూసినట్టు ఏటవాలుగా పట్టి చూశాడు. ఫోటోలో గడ్డం మీద నల్లటి మరక. బిగుసుకుపోయిన తాళాల్లో వేసే పొడి. ఆయన బొటనవేలిదే.

పోయిన ఏడాది కరెంటు మీటరు కోసం కార్డు జెరాక్సు తీయించాడు. వేలికున్న పొడి కార్డుకు అంటుకుని మొదటి కాపీ చెడిపోయింది. కార్డు తుడిచి ఇంకొకటి తీయించి, మంచిది పట్టుకొచ్చాడు. చెడిపోయింది అక్కడి బల్ల మీదే వదిలేశాడు.

"ఈ కాగితం నేను ఏ ఆఫీసులోనూ ఇవ్వలేదు సార్, చెడిపోయిందని జెరాక్సు కొట్టులోనే వదిలేశాను. కరెంటు ఆఫీసులో ఉన్నదానికి మరక ఉండదు. తెప్పించి చూడండి."

అధికారి మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు. అప్పటికప్పుడే కానిస్టేబుల్ని జెరాక్సు కొట్టుకు పంపాడు. అక్కడి పనివాడు చెడిపోయిన కాపీలు కట్టగట్టి, సిమ్ములమ్మే ఒకడికి అందిస్తున్నాడు. సొరుగులో ఇంకా ఇరవైమంది మొహాలు దొరికాయి.

శుక్రవారం బజారు ఆఫీసు కిటికీ మూసే వేళకు లైసెన్సు చేతికొచ్చింది. టీచరమ్మ మాత్రం ఈనాటికీ రాలేదు. ఇంట్లో ఫోను మోగితే భార్య ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

ఇప్పుడాయన ఏ కాపీ ఇచ్చినా, ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇస్తున్నాడో దాని మీదే అడ్డంగా, అక్షరాలు ఫోటోను తాకేలా రాస్తాడు. తన పేరున ఎన్ని సిమ్ములున్నాయో అప్పుడప్పుడూ కనుక్కుంటాడు. చెడిపోయిన కాపీని ఇంటికి తెచ్చి ముక్కలు చేస్తాడు.

మొన్న ఒకతను కార్డు కాపీ చేత్తో పట్టుకుని తాళంచెవి చేయించుకోవడానికొచ్చాడు. ఒక్కటే తీయించావా అని తాళాలాయన అడిగాడు. మొదటిది మసకగా వస్తే అక్కడే పడేశానని అతను చెప్పాడు.

తాళాలాయన ఆకురాయి కింద పెట్టేశాడు.

"వెళ్లి తెచ్చుకో బాబూ. అది నీ చేత్తో చింపేదాకా నీ తాళంచెవి ముట్టుకోను."