బదులు పనిలో పడ్డ జీతం

2005లో గద్వాల బస్టాండు దగ్గర నాకొక కంప్యూటర్ సెంటర్ ఉండేది. టైపింగు, పెళ్లిపత్రికలు, పిల్లలకు పాఠాలు. బోర్డు మీద ‘సమస్త కంప్యూటర్ సేవలు’ అని రాయించాను. కరెంటు పోయినప్పుడు ఆ సమస్తమూ విసనకర్ర సేవే.

ఒకరోజు రాఘవులు వచ్చాడు. యాభై దాటిన మనిషి, చీర అంచులకు గ్రాఫ్ గీసేవాడు. గ్రాఫ్ అంటే సన్నని గళ్ల కాగితం. గడిలో రంగు నింపితే మగ్గం మీద అక్కడి పోగు పైకి లేవాలని గుర్తు. ఆ కాగితం చూసి ఇంకొకరు అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలు మగ్గమెక్కితే అంచులో మామిడిపిందె దిగుతుంది. గడి తప్పితే పిందెకు తొడిమ విరుగుతుంది.

"సారూ, గళ్లు రెండురెండు గనవడుతున్నయి. దవాఖానల అద్దాలిచ్చిండ్రు, గవి వెట్టుకున్నా గంతే. అట్టలు గొట్టెటోడు తిడుతుండు. మీ డబ్బాల పెద్దగ జేసుకొని గీయొస్తదా?"

"ఎందుకు రాదు రాఘవులన్నా?" అన్నాను. రాని పనికి కూడా అలా అనడం మా సెంటర్ ఆచారం.

అలాంటి సాఫ్ట్‌వేర్ బజార్లో ఉంది కానీ దాని ధర మగ్గాన్ని మించింది. మేమే రాద్దామనుకున్నాం, అదీ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌గా. అంటే ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చూడొచ్చు, మార్చి పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. ఉచితమంటే ఊరికే వచ్చేదనీ, తగినదనీ రెండర్థాలు. మొదటిది మాకు అప్పటికే బాగా అలవాటు.

మేం ముగ్గురం. వనపర్తి కాలేజీలో లెక్చరర్ భాస్కర్ కోడ్ రాసేవాడు. నాగర్‌కర్నూల్లో ఇంటర్నెట్ సెంటర్ నడిపే నసీమా తెలుగు మెనూలు పెట్టి, తప్పులు వెతికేది. నేను కొంత కోడ్, ఎక్కువ చాయ్. ఆదివారం బస్సెక్కి ఇద్దరూ గద్వాల వచ్చేవాళ్లు. ఒకరి పని చిక్కుపడితే మిగతా ఇద్దరం దాని మీదే కూర్చునేవాళ్లం.

భాస్కర్‌ది పాన్‌గల్ దగ్గర సేద్యం చేసే కుటుంబం. "ఇది బదులు పనే అన్నా," అనేవాడు. "ఇయ్యాల నీ చేన్ల కలుపు, రేపు నా చేన్ల. కూలి లేదు, లెక్క లేదు. రాకపోతె మాత్రం ఊరంత అడుగుతది."

కొన్ని నెలలకు మొదటి రూపం తయారైంది. రాఘవులు తెర మీద గళ్లను గోరంత పెద్దవి చేసుకుని, ఒక్కొక్కటే నింపుతూ పిందె గీశాడు. "ఓరి నీ! తొడిమ గుడ గనవడుతుందిరో!" అని కుర్చీలోంచి లేచాడు. ఇక ప్రింటింగ్ ఒక్కటే మిగిలింది. పెద్ద గ్రాఫ్‌ను ముక్కలుగా అచ్చువేసి అతికిస్తే గళ్లు కలవాలి. మాకు కలవడం లేదు. అది కుదిరేదాకా ఆయన గీసింది అట్టలు కొట్టేవాడికి అందదు.

అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక సంస్థ ఫండింగ్ ఇస్తామంది. రెండు షరతులు. ఒక మనిషి జీతం మీద పూర్తికాలం పనిచేయాలి. సాఫ్ట్‌వేర్ ఒక్క గద్వాలకే కాక అన్ని రకాల మగ్గాలకూ పనికిరావాలి. నసీమా ఇంటర్నెట్ సెంటర్ మూతపడేలా ఉంది కనుక జీతం ఆమెకేనని ముగ్గురం సంతోషంగా ఒప్పుకున్నాం. నేతపనికని దిగినవాళ్లం, రాష్ట్ర నేతలమైపోయినంత గర్వపడ్డాం.

ఆ తర్వాత ఎవరూ కొట్లాడలేదు. అదే పెద్ద చిక్కు. ఏదైనా బగ్, అంటే కోడ్‌లో తప్పు, కనబడితే "నసీమా చూస్తది తియ్" అనుకునేవాళ్లం. భాస్కర్ ఒక ఆదివారం రాలేదు, మరో ఆదివారం పరీక్ష పేపర్లన్నాడు. నాకు పెళ్లిపత్రికల సీజన్. నసీమా ఒక్కతే అన్ని మగ్గాల పనీ, సంస్థకు రిపోర్టులూ చూసుకుంది. ప్రింటింగ్ తర్వాతి రిలీజ్‌కు వాయిదా పడింది, అక్కణ్నుంచి ఆ తర్వాతి దానికి.

ఒకసారి నసీమా ఫోన్లో అన్నది: "అన్నా, జీతమిచ్చి నన్ను వేరు పెట్టిండ్రు మీరు."

"అట్లెందుకంటవ్ నసీమా? ఏం గావాల్నో చెప్పు, చేస్త."

"ఇంతకుముందు చెప్పే అవసరం పడ్తుండెనా?"

ఆ మాటే భాస్కర్‌ను అడిగాను. "మా ఊర్ల బదులుకొచ్చినోళ్లల్ల ఒక్కరికే కూలియ్యరన్నా. ఇస్తే అందరికియ్యాలె, లేకపోతె ఎవ్వరికియ్యొద్దు. నాకు తెల్వదా? తెల్సి గుడ సై అన్న. కంప్యూటర్ పనికి గా పద్ధతి ఉండదనుకున్న."

ఫండింగ్ అయిపోయింది. నసీమా మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చూసుకుంది. నేనూ భాస్కరూ సిగ్గుపడి మళ్లీ రెండు ఆదివారాలు కూర్చున్నాం. గళ్లు కలిశాయి. అంత చిన్న పని అది.

ముక్కలు అతికించి రాఘవులు ఇంటికి తీసుకుపోయాం. ఆయన వాకిట్లో కూర్చుని నేతకు దారం కండెలు చుడుతున్నాడు. గ్రాఫులు ఇప్పుడు మగ్గాలవాళ్లు వేరే ఊరి నుంచి తెప్పిస్తున్నారట. కండెకు చూపు అక్కర్లేదు, దారం వేళ్లకే తెలుస్తుంది. కాగితం ఒళ్లో పరుచుకుని అతుకుల మీద వేలు నడిపించాడు.

"కలిసినయా సారూ?"

"కలిసినయన్నా. చూడు."

"మీరు జూసిండ్రు గద, మంచిగనే ఉంటది," అని కాగితం మడిచి నా చేతికిచ్చాడు. చాయ్ తాగిపొమ్మన్నాడు.

డబ్బు తీసుకోవడం తప్పని ఈ అనుభవం నాకు నేర్పలేదు. నసీమా ఆ జీతానికి పూర్తిగా తగిన మనిషే. తీసుకునే ముందు మేం మాట్లాడుకోవాల్సినవి వేరే ఉన్నాయి: పని ఎవరి కోసం మొదలైంది, షరతులేవైనా ముందు తీరాల్సింది ఏది, జీతం లేనివాళ్లు ఆదివారం ఇంకా బస్సెక్కుతారా. ఇప్పుడెవరైనా కుర్రవాళ్లు ఇలాంటి పని పెట్టుకుని సలహాకొస్తే, ఎంత ఫండింగ్ వస్తుందని అడగను. మీ సాఫ్ట్‌వేర్ కోసం ఎదురుచూస్తున్న మనిషి పేరేమిటని అడుగుతాను. చెప్పగలిగితే, ఆయన ఎన్నాళ్లు ఆగగలడో కనుక్కుని రమ్మంటాను.