బ్రేకు మామ అసలు వయసు

మనుషుల వయసు మాకు పట్టని రోజులవి. మీసం ఉంటే మామ, పళ్ళు లేకపోతే తాత, అంతే లెక్క. మా స్కూలు బస్సు డ్రైవరుకి పళ్ళన్నీ ఉండేవి కాబట్టి మామే. కోడిపిల్ల అడ్డొచ్చినా బస్సాపేసేవాడని బ్రేకు మామ అన్నాం. రావికమతం వైపు పల్లెల నుంచి మమ్మల్ని చోడవరం చేర్చేవాడు. ముందు చెరుకు ట్రాక్టరు పోతుంటే దాటే ప్రయత్నమే చేసేవాడు కాదు. "తొందరపడి ఏటి సేస్తారర్రా, ఫస్టు పీరియడు లెక్కలే కదా" అనేవాడు. అలాంటివాణ్ణి ప్రేమించకుండా ఎలా ఉంటాం?

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, అరవై దాటినవాళ్ళు స్కూలు బస్సు నడపకూడదన్నారు. లైసెన్సు ప్రకారం మామకి దాటిపోయాయి. "అది దొంగ వయసు సార్. కుర్రతనంలో లైసెన్సు తొందరగా వస్తాదని రెండేళ్ళు ఎక్కువ ఏయించీసేను" అని మొత్తుకున్నాడు. "సాక్ష్యం ఎవరయ్యా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు విసుగ్గా. మేం ఆ మాట పట్టుకున్నాం. మామ పుట్టుక చూసినవాళ్ళలో మిగిలింది వాళ్ళమ్మ ఒక్కతే. ఆదివారం చర్చి మానని మనిషి. అబద్ధమంటే గిట్టదు (పాలల్లో నీళ్ళు కలిపినా చెప్పి మరీ కలిపేది).

మర్నాడు ఆవిణ్ణి బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టి, దారి పొడుగునా ఎక్కంలా వల్లె వేయించాం. "యాబై తొమ్మిది, మామ్మా." "యాబై తొమ్మిదే బాబూ." ఒక్కసారీ తప్పలేదు. (లెక్కల మాస్టారికి అలాంటి విద్యార్థి ఎన్నడూ దొరకలేదు పాపం.) ఈ వ్యవహారానికి నాయకురాలిని నేనే. ప్రిన్సిపాల్ గారి గుమ్మంలో నిలబడి కళ్ళతో సైగ కూడా చేశాను. ఆవిడ చెంగు సర్దుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"అరవై రెండు బాబూ. ఎక్కువే ఉంటాది గానీ తక్కువుండదు."

వరండాలోకి వచ్చాక మామ అడిగాడు. "అదేటమ్మా, నీకు తెల్దా?"

"ఎందుకు తెల్దురా, కన్నది నానే కదా. యాబై తొమ్మిదే. తెల్లారకుండా ఎల్తావు, సీకటడ్డాక వస్తావు. అందరి పిల్లల్నీ ఇళ్ళకి సేరుస్తావు. నా పిల్లోడు ఎలుగుండగా ఇంటికొచ్చి ఎన్నాళ్ళయిందిరా? ఆదివారం ప్రభువుని సమాపణ అడుక్కుంటాన్లే. ఇంటికి పద."

మామ నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. మేం మాత్రం నవ్వలేదు, బావురుమన్నాం.

కొత్త డ్రైవరు ట్రాక్టర్లన్నీ దాటేసి మమ్మల్ని ఏనాడూ లెక్కల పీరియడు తప్పించుకోనివ్వలేదు. సాయంత్రం బస్సు మామ వాళ్ళ ఊరు దాటుతుంటే తల్లీకొడుకులు అరుగు మీద టీ తాగుతూ కనబడేవారు. మేం కిటికీల్లోంచి "మామా!" అని అరిస్తే అతను గబుక్కున లేచేవాడు. ఆవిడ చెయ్యి పట్టి కూర్చోబెట్టేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇప్పుడు మావాడు స్కూలు బస్సెక్కుతున్నాడు. డ్రైవరు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అంటాడు, టైమంటే టైమే. ఆ పాత బస్సు కోసం, దాని నత్తనడక కోసం నా ప్రాణం ఇప్పటికీ కొట్టుకుంటుంది. కానీ సాయంత్రం బస్సు కాస్త ఆలస్యమై, నేను వీధి గుమ్మంలో నిలబడ్డప్పుడు మాత్రం మామ్మ మీద కోపం ఉండదు. ఆవిడ మూడేళ్ళే కలిపింది. నేనైతే పదేళ్ళు కలిపేదాన్ని.