పుట్టకముందే పాసైన గుంట

హుకుంపేట దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో నేను లెక్కలు చెప్పే రోజుల్లో మా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. విశాఖపట్నంలో ఏదో ఆఫీసువాళ్ళు వాడి వాడి పక్కన పెట్టేసినది. ఘాట్ రోడ్డంతా జీపులో ఊగుతూ వచ్చిన దాన్ని మా హెడ్మాస్టారు దగ్గరుండి దింపించి, తన గదిలో బీరువా పక్కన పెట్టించి, మీద ఒక ఉన్ని దుప్పటి కప్పారు. కొండ మీది చలి దానికీ వేస్తుందని ఆయన నమ్మకం. నేను చదువుకునేటప్పుడు ఆరు వారాలు కంప్యూటర్ క్లాసుకి వెళ్ళానన్న పాపానికి దాని బాధ్యత నామీద పడింది.

ఆన్ చేయగానే తెర నల్లగా వెలిగి, అడుగున ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చేది. సెటప్‌లోకి వెళ్ళాలంటే డెల్ నొక్కమని. రెండు మూడు క్షణాలు ఉండి మాయమయ్యేది. హెడ్మాస్టారు ఆ మీట జోలికి వెళ్ళనిచ్చేవారు కాదు.

"డెల్ అంటే డిలీట్ కదమ్మా. అంతా తుడిచిపెట్టుకుపోతుంది. స్టాకు రిజిస్టర్లో సంతకం నాది" అనేవారు. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉన్న మనిషి.

రెండు వేల మూడు జూన్‌లో పదో తరగతి పాసైన పిల్లలకి టీసీలు ఇవ్వాల్సి వచ్చింది. చేత్తో రాసే బాధ లేకుండా కంప్యూటర్లో నమూనా తయారుచేసి, తేదీ దానంతట అదే పడేలా పెట్టి, కంప్యూటర్‌తోపాటు వచ్చిన ప్రింటర్‌లో తీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. హెడ్మాస్టారు వరసగా సంతకాలు చేసి సీలు గుద్దారు. తేదీ ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు.

నాలుగు రోజులకి ఒక పిల్ల తండ్రి వచ్చాడు. కాఫీ మొక్కలూ, అక్కడివాళ్ళు సోళ్ళనే రాగులూ పండించుకునే రైతు. కూతుర్ని ఇంటర్లో చేర్చడానికి పాడేరు వెళ్ళి, కొండ దారిలో తిరిగొచ్చాడు. మడత విప్పి టీసీ నా చేతిలో పెట్టాడు.

"టీచరమ్మా, మా గుంట ఎనభై ఏడులో పుట్టినాది. మీరు ఎనభైలోనే పాస్ సేసీసారంట. కాలేజీలో అందరూ నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ, సీటు మాత్రం ఇవ్వలేమంట."

చూశాను. పుట్టిన తేదీ కింద, జారీ చేసిన తేదీ పంతొమ్మిది వందల ఎనభై జనవరి ఒకటి అని శుభ్రంగా ఉంది.

హెడ్మాస్టారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎనభైలో నేనీ బడికే రాలేదు. ఈ సంతకం నాది కాదని వాదించొచ్చు" అన్నారు.

నేను వెంటనే పాత పుస్తకం తీసి చేత్తో ఒక టీసీ రాసిచ్చాను. రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

"మిగతా గుంటలందరికీ మిషను కాయితం ఇచ్చి, మా గుంటకి సేతిరాతది ఇత్తారా? ఇక్కడే కూకుంటాను. మిషనుదే ఇవ్వండి" అని వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

తేదీ విడిగా టైపు చేసినా సరిపోయేదని నాకప్పుడు తట్టలేదు. బజారులోని ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి, వైజాగ్‌లో నాకు కంప్యూటర్ నేర్పినాయనకి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. విండోస్ కంటే ముందు లేచే బయాస్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. కీబోర్డు ఉందా, డిస్కు ఉందా అని సరిచూసుకునేది అదే. దాని లెక్కలూ గడియారమూ గుర్తుంచుకోవడానికి లోపలి బోర్డు మీద బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, కరెంటు తీసినప్పుడల్లా గడియారం మొదటికి పోతుంది.

"ఆన్ చేసిన క్షణం నుంచీ డెల్ టకటకా కొడుతూనే ఉండండి మేడమ్. ఏమీ చెరగదు. బ్యాటరీ ఎవరితోనైనా పంపిస్తాను" అన్నాడు.

చిక్కేమిటంటే కంప్యూటర్ మీది బటన్ ఎప్పుడో పోయింది; గోడ స్విచ్చు గుమ్మం పక్కన, కీబోర్డు బీరువా పక్కన. స్విచ్చు వేసి నేను పరిగెత్తేసరికి విండోస్ మబ్బుల బొమ్మ వచ్చేసేది. మూడుసార్లు అలాగే అయింది. హెడ్మాస్టార్ని సాయం అడిగితే చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఇంతలో మా వంటావిడ ఆ రైతుకి టీ తెచ్చి, లోపలికి తొంగిచూసింది.

"ఏటి సేత్తన్నారు?"

చెప్పాను. ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుంది. "నాను కొడతాను. మీరు బేగి స్విచ్చెయ్యండి."

వేశాను. పప్పులో రాళ్ళు ఏరే వేగంతో కొట్టింది. తెర నీలంగా మారింది.

"నీలం రంగొచ్చీసినాది. ఇంకా కొట్టమంటారా?"

"ఆపు తల్లీ" అన్నారు హెడ్మాస్టారు.

అక్కడ మౌస్ పనిచేయదు. బాణం మీటలతో తేదీ దగ్గరికి వెళ్ళి, పేజ్ అప్ నొక్కితే ఏడాది ఒకటి పెరుగుతుంది. వంటావిడ కుర్చీ వదల్లేదు. కిటికీ దగ్గర చేరిన పిల్లలు గట్టిగా లెక్కపెట్టసాగారు. ఎనభై మూడు దగ్గర ఆవిడ తన పెళ్ళైన సంవత్సరమని ఒకసారి ఆగింది. ఎనభై ఏడు రాగానే గుమ్మంలోంచి రైతు "ఉండండి" అన్నాడు. దగ్గరికొచ్చి ఆ అంకె చూశాడు. "ఆ ఏడు సోళ్ళు బాగా పండినాయి" అన్నాడు. తొంభై దగ్గర్నుంచి కిటికీలో ఒక్కో పిల్లా తను పుట్టిన సంవత్సరం రాగానే "నాను, నాను" అని చెయ్యెత్తింది. ఆ ఊపులో వంటావిడ రెండు వేల ఆరు దాకా పోయింది.

"వెనక్కి రావమ్మా, నన్ను రిటైర్ చేసేశావు" అన్నారు హెడ్మాస్టారు.

వెనక్కి వచ్చాక ఎఫ్ టెన్ నొక్కాను. సేవ్ చేయాలా, వై లేక ఎన్ అని అడిగింది. ఎందుకైనా మంచిది ఎన్ నొక్కమన్నారాయన. నొక్కాను. మళ్ళీ ఎనభై. మొత్తం మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి వై నేనే, ఆయన అటు తిరిగినప్పుడు నొక్కాను.

రైతు కొత్త కాగితం వెలుతురుకి పట్టి చూసుకుని వెళ్ళాడు. వాళ్ళ అమ్మాయికి సీటు వచ్చింది. మిగతా పిల్లల టీసీలు కూడా వెనక్కి తెప్పించి మార్చాం.

మర్నాడు ఆన్ చేస్తే మళ్ళీ ఎనభై. బ్యాటరీ చేరడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ వంటావిడ ఎసరు పెట్టి వచ్చి, ఇరవై మూడేళ్ళూ దాటించి వెళ్ళేది. బ్యాటరీ మార్చిన మర్నాడు కూడా వచ్చింది. డెల్ కొట్టి లోపలికి వెళ్ళి చూసింది. తేదీ సరిగ్గానే ఉంది.

"ఇంకేటీ మార్చక్కర్లేదా?"

అక్కర్లేదన్నాను. ఆవిడ నిమిషాల దగ్గరికి వెళ్ళి ఒకటి తగ్గించింది, మళ్ళీ పెంచింది. ఎఫ్ టెన్ కొట్టి, వై కొట్టి, అన్నం చూసుకోవడానికి వెళ్ళింది.